అత్తమ్మ బొట్టు పెట్టిన రెండు టీకాలు

మా మేనత్త పోయింది. ఉప్పల్‌లోని ఒక దవాఖానాలో, గొంతులో గొట్టంతో, మాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా పోయింది. పొద్దున్నే నర్సు బయటికి వచ్చి నాతో చెప్పింది. బెంచీ మీద కూర్చున్న మామకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, "లేసిందా?" అని అడిగాడు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

హబ్సిగూడలో కోచింగ్ కోసం జనగామ నుంచి వచ్చి, హాస్టల్ పడక ఏడుస్తున్న నన్ను పెట్టెతో సహా నాచారంలోని తన రెండు గదుల ఇంటికి తీసుకుపోయిన మనిషి అత్తమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. కొన్నాళ్ళుందామని వెళ్ళినదాన్ని, పెళ్ళయ్యేదాకా అక్కడే ఉన్నాను. మామ రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ పొడి పీల్చీ పీల్చీ, రిటైరయ్యేసరికి నాలుగు మెట్లెక్కితే దమ్ము వచ్చేది. ఆయన దగ్గు వినపడితే చాలు, అత్తమ్మ చేతిలో పని వదిలేసి వేడినీళ్ళతో పరుగెత్తేది.

ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా బొట్టు పెట్టడం ఆమె అలవాటు. కుక్కర్‌కు, గ్యాస్ సిలిండర్‌కు, నా మొదటి లాప్‌టాప్‌కు, ఆఖరికి మెట్రో కార్డుకు కూడా. "కార్డుకు బొట్టేంది అత్తమ్మా?" అని నవ్వితే, "మనల్ని మోస్కపోతది గద, జర మర్యాద ఇయ్యాలె" అనేది.

తన సొంత పనులు మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి 'అయినంక'. కళ్ళద్దాలు నా పరీక్షలైనంక. పళ్ళ డాక్టరు మామ పింఛను పనైనంక. మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దవాళ్ళుంటే, వాళ్ళతో వేగడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది.

ఈ వేసవి చివర్లో డాక్టరు ఇద్దరినీ ఫ్లూ టీకా వేయించుకోమన్నాడు. ఈ వయసులో ఫ్లూ జలుబులా వచ్చి పోదని, వానలు మొదలయ్యేలోపే వేయించుకుంటే మంచిదని చెప్పాడు. వాళ్ళ వీధిలోని మెడికల్ షాపు అన్న రెండు టీకాలు తెప్పించి తన ఫ్రిజ్‌లో పెట్టాడు. నేను సెలవు పెట్టుకుని వెళ్ళేసరికి ఆషాఢం వచ్చేసింది. అత్తమ్మ వేప మండల గురించి, కొత్త కుండ గురించి మాట్లాడుతోంది.

"సూదేస్తే జరమొస్తదంటున్రు. జరంతోని బోనమెట్లెత్తుత బిడ్డా? బోనాలైనంక ఏయించుకుంట."

"వస్తే ఒకట్రెండు రోజులు ఒళ్ళు నొస్తది. గంతే అత్తమ్మా."

"నా పానానికేమైతది? తల్లి సూసుకుంటది."

"నువ్వన్న ఏయించుకో మామా."

"ఇద్దరం ఒక్కనాడే పోతం తీ" అన్నాడాయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఒళ్ళు మండింది నాకు. బోనం మీద కాదు. నేనూ ఆ ఇంట్లో ఏటా బోనానికి పసుపు నీళ్ళు పోసినదాన్నే. తన ప్రాణాన్ని ఎప్పుడూ వరుసలో ఆఖరున నిలబెట్టే ఆమె పద్ధతి మీదే నా కోపం. తర్వాత ఆమె బీపీ గోలీలకు షాపుకు వెళ్ళినప్పుడు ఆ రెండు టీకా డబ్బాలూ బయటికి తీయించి, ఒక్కోదానికీ బొట్టు పెట్టి, "జర భద్రంగ పెట్టు కొడుకా, బోనాలైనంక వస్తం" అని చెప్పి వచ్చిందట.

బోనాల ఆదివారం వానలోనే బోనం ఎత్తింది. తడిసిన జనంలో, దగ్గుతున్న వాళ్ళ మధ్య, తలమీద దీపం ఆరకుండా పోచమ్మ గుడిదాకా నడిచింది. కొద్ది రోజులకే జ్వరం. అలసట అంది, కషాయం తాగింది. నేను వెళ్ళి చూసేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి. ఆటోలో నా భుజం మీద తల వాల్చి, "మామకు బువ్వ పెట్టు" అంది. నేను విన్న ఆఖరి మాట అదే.

ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. మామ డాక్టరు చేయి పట్టుకుని వదల్లేదు.

"సారూ, ఆమె సూది మెడికల్ షాపుల్నే ఉన్నది. ఉరికి తెస్త. ఇప్పుడన్న ఏయున్రి."

"అది రోగం రాకముందు వేసేది పెద్దాయనా. ఇప్పుడు పనిచేయదు."

ముందే వేయించి ఉంటే బతికేదా అని నేనడిగాను. "ఖచ్చితంగా చెప్పలేనమ్మా. ఇంతదాకా వచ్చేది కాదేమో" అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో' నన్ను తినేస్తోంది. అన్నం ముందు కూర్చున్నా అదే, బస్సులో నిలబడ్డా అదే.

అంత్యక్రియలయ్యాక ఇంట్లో మామ దగ్గు వినిపించింది. పాత దగ్గే. వేడినీళ్ళు తెచ్చేవాళ్ళు లేక ఆయన దగ్గుతూనే ఉన్నాడు. టీకాకు పోదాం రమ్మన్నాను.

"దినాలైనంక సూద్దాం బిడ్డా."

ఆమె మాటే ఆయన నోట్లోంచి వచ్చింది. చుట్టాలందరి ముందూ ఆయన కాళ్ళ మీద పడ్డాను. "దండం పెడత మామా. ఇగ 'అయినంక' అనకు. ఈ ఇంట్ల నాకు నువ్వొక్కనివే మిగిలినవ్." ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన నా తల మీద చేయి పెట్టాడు. తర్వాత లేచి చెప్పులేసుకున్నాడు.

షాపు అన్న రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టాడు.

"గిండ్ల ఆమెదేది?" అన్నాడు మామ.

"రెండూ ఒక్కటే మామా" అన్నాను.

ఆయన ఒకటి తీసుకున్నాడు. పక్కనే ఉన్న క్లినిక్‌లో నర్సు టీకా వేసి, దూది అద్ది, సిరంజి పారేసింది. మామ చొక్కా చేయి పైకి పట్టుకుని, కళ్ళు మూసుకుని అలాగే కూర్చున్నాడు.

"అయిపోయింది పెద్దాయనా."

ఆయన కళ్ళు తెరిచాడు. నర్సును కాదు, నన్ను అడిగాడు.

"గింతేనా బిడ్డా?"

చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. షాపు ముందు నుంచి వస్తుంటే ఫ్రిజ్ అద్దంలోంచి రెండో డబ్బా కనిపించింది. దాని మీద ఆమె పెట్టిన బొట్టు ఇంకా చెదరలేదు.