పేరు కొట్టించిన చెంబు

నగర్తపేటలో మా వఠారాన్ని కూల్చి మూడేళ్లయింది. ఎనిమిది ఇళ్లు, ఒకే కొళాయి. యజమాని వారం గడువిచ్చి అందరినీ ఖాళీ చేయించాడు. మా దగ్గర అద్దె ఒప్పందం కాగితం ఒక్కటీ లేదు. ఇరవై ఏళ్ల కిందట నేను అక్కడికి కోడలిగా వచ్చినప్పుడు అతని తల్లి నా చేతిలో తాంబూలం పెట్టి లోపలికి పిలిచింది. అదే ఒప్పందం. అలాంటి మనిషిని కాగితం అడగడమంటే ఆమెను అవమానించినట్టే అనుకునేవాళ్లం. ఆ తెలివితక్కువతనం మాదే, ఒప్పుకుంటాను.

నేను కె.ఆర్.పురంలో రేకుల గదికి మారాను. మూడో ఇంటి అవ్వకు అదీ దొరకలేదు. బట్టల కొట్లకు గుండీలు కుట్టి బతికిన మనిషి, ఇప్పుడు అవే కొట్ల మెట్ల మీద మూట పక్కన పెట్టుకుని కాపురముంటోంది. ఆమెను అలా చూసిన రోజు నా ఒళ్లు మండిపోయింది. ఆ యజమానిని వదలకూడదనుకున్నాను.

ఏళ్ల తరబడి అద్దెకున్నవాళ్లను వేరే నీడ చూపించకుండా వీధిలోకి నెట్టకూడదని, నీడ లేనివాళ్లకు ప్రభుత్వం కట్టే ఇళ్లలో ముందు చోటివ్వాలని రాష్ట్రంలో ఒక చట్టం రావాలంటూ అప్పటికే కొందరు తిరుగుతున్నారు. నేనూ చేరాను. వాళ్లకున్నంత మంచితనం నాకు లేదు. బ్రూక్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర సంతకాలు అడుగుతున్నా నా కళ్లముందు ఉండేది యజమాని ముఖమే. అది వాడిపోవడం చూడాలి నాకు.

ఒక ఆదివారం, ఆ చట్టం కోసం బిల్లు రాయిస్తున్న ఎమ్మెల్యే కల్యాణమంటపంలో సమావేశం పెట్టాడు. బిల్లు ముసాయిదా ఒక్కచోటే ఆగింది. కాగితం లేనివాళ్లు అద్దెకున్నామని ఎలా రుజువు చేసుకుంటారు? యజమానులూ వచ్చారు. మా యజమాని లేచాడు.

"వీళ్లంతా మొన్నమొన్న వచ్చినోళ్లు సార్. పాత ఇల్లు ఖాళీగా ఉండాదని నాలుగు నాళ్లు ఉండనిచ్చినా. ఇప్పుడు ఏండ్లనుంచి ఉండామంటా ఉండారు."

కరెంటు బిల్లు అతని పేరున. మా ఆధార్‌లన్నీ కొత్త చిరునామాలకు మారిపోయాయి. అవ్వకు ఏ కార్డూ లేదు. అతని ధైర్యం అదే.

కానీ చనిపోయిన తన తల్లి సంగతి అతను మరిచిపోయాడు. వఠారంలో ఎవరి పెళ్లయినా, సీమంతమైనా, నామకరణమైనా ఆవిడ ఒక పాత్ర ఇచ్చేది. మనవాళ్లందరిలాగే, పాత్రల కొట్లో పేరు కొట్టించకుండా ఇచ్చేది కాదు. ఎవరు ఇచ్చారు, ఎన్నో ఇంటికి, ఏ శుభకార్యం, ఏ తేదీ, అన్నీ ఉండాల్సిందే. అందుకే నేను ముందుగానే అందరికీ ఫోన్ చేసి ఆ పాత్రలు తెమ్మన్నాను.

నా చెంబు తీసి బల్ల మీద పెట్టి, "చదవండి సార్" అన్నాను.

ఎమ్మెల్యే పైకి చదివాడు. అతని తల్లి పేరు, ఐదో ఇంటి కోడలికి, సీమంతం, తేదీ. సంచుల్లోంచి బిందెలు, గిన్నెలు బయటికొచ్చాయి. చివరికి అవ్వ మూట విప్పి పళ్లెం పెట్టింది.

"చదువుకోని బేగ ఇచ్చెయ్యప్పా. అన్నం తినేకి నాకుండేది ఇదొకటే."

యజమాని తల దించుకున్నాడు. నాకెంత సంతోషం కలిగిందో చెప్పడానికి సిగ్గుపడను. బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చాడు.

"మాయమ్మ ప్రేమగా ఇచ్చిందాన్ని ఇట్లా వాడుకుంటారా అక్కా?"

"ప్రేమ ఉండాదనే పేరు కొట్టిచ్చిందప్పా. నువ్వు మమ్మల్ని ఎరగనంటావని ఆయమ్మకేం తెలుసు?"

పేరు కొట్టించిన పాత్రలు కూడా రుజువేనన్న మాట ఇప్పుడు ముసాయిదాలో ఉంది. బిల్లు మాత్రం ఇంకా సభకు రాలేదు. అవ్వ ఇంకా మెట్ల మీదే ఉంది.

నా చెంబు తోమేటప్పుడు అక్షరాల మీద పీచు పడనివ్వను. అవ్వ పళ్లేన్ని వీధి మట్టితోనే తోముకుంటుంది. దాని మీద మూడో ఇంటికి అన్న మాట సగం అరిగిపోయింది. అది పూర్తిగా పోయేలోపు చట్టం రావాలి. రాకపోతే ఆ వఠారం చోట లేచిన అతని కొత్త భవనం గేటు ముందు ఈ చెంబు పెట్టుకుని కూర్చుంటాను. తల్లి పేరు చదివే లోపలికి పోవాలి వాడు.