నిద్రమ్మ సెలవు

దిండ్ల కార్ఖానాలో అందరూ ఆమెను నిద్రమ్మ అనేవాళ్ళు. పనిలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక, కుట్టి పెట్టిన దిండ్ల గుట్ట మీద ఒక్క నిమిషమని నడుం వాల్చింది. సాయంత్రం గంట కొట్టేదాకా లేవలేదు. "సరుకు ఎలా ఉందో పరీక్ష చేస్తోందిలే, చెయ్యనివ్వండి" అందట సూపర్‌వైజరక్క. ఆ రోజుతో అసలు పేరు మరుగున పడిపోయింది.

దూది నింపిన దిండుకు మూతి కుట్టడం ఆమె పని. షెడ్డుకు పైనెక్కడో కిటికీలుండేవి. వాటిలోంచి ఎండ వాలే వేళకు దూది నూగు గాల్లోకి లేచి, కిందికి రావాలో వద్దో తేల్చుకోలేనట్టు అక్కడక్కడే తిరిగేది. తిరిగి తిరిగి ఆడవాళ్ళ జుట్టు మీద, కనురెప్పల మీద వాలేది. ఇంటికెళితే భర్త "వచ్చిందమ్మా మా ముసలావిడ" అని నవ్వుతూ ఆమె తలలోంచి నూగు ఏరేవాడు. అతను ఇళ్ళకు రంగులు వేసేవాడు. అతని గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది కాబట్టి, ఆమె ఆ వేళ్ళు చూసి "ఇవాళ ఎవరిదో నీలం ఇల్లు" అని చెప్పేసేది.

పెళ్ళయిన చాన్నాళ్ళకు నీళ్ళోసుకుంది. అంతవరకూ ప్రతిదానికీ సణిగే అత్తగారు ఒక్కసారిగా మెత్తబడిపోయి, మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందించడం మొదలుపెట్టింది. భర్త ఎవరింట్లోనో మిగిలిన లేత పసుపు రంగు తెచ్చి పడకగదిలో ఒక గోడకు వేశాడు. ఐదో నెల వచ్చేసరికి, కుట్టుమిషను ముందు కూర్చుని ఉండగా, లోపల చిన్న చేప తోక ఆడించినట్టయ్యేది. ఆమె మిషను ఆపి, ఎవరికీ చెప్పకుండా, తనలో తను నవ్వుకునేది.

ఒక పొద్దున ఆ చేప కదల్లేదు. నడుములో నొప్పి మొదలైంది. సాయంత్రానికల్లా అంతా అయిపోయింది. ఆసుపత్రికి ఇద్దరై వెళ్ళిన మనిషి ఒక్కతే తిరిగి వచ్చింది.

వారం తిరక్కుండానే ఆమె పనికి బయలుదేరితే అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పచ్చి ఒంటితో ఎక్కడికే?"

"సెలవులన్నీ ఆసుపత్రికే అయిపోయాయి అత్తయ్యా. వెళ్ళకపోతే జీతం కోస్తారు."

"కోస్తే కోయనీ."

అత్తగారు అలా అన్నదేగానీ, ఇల్లు ఎలా నడుస్తుందో ఇద్దరికీ తెలుసు. ఆవిడ పక్కకు తప్పుకుంది. బిడ్డే లేనప్పుడు బాలింత సెలవేమిటని కోడలి ఆలోచన. ఆ మాట ఎవరినీ అడగాలని కూడా తోచలేదు.

షెడ్డులో అన్ని చప్పుళ్ళూ నీటి అడుగునుంచి వింటున్నట్టుగా ఉండేవి. పక్కావిడ ఏదో అడిగితే, ఆ మాట చాలాసేపు ప్రయాణం చేసి వచ్చి చెవి దగ్గర ఆగేది. రాత్రిళ్ళు కన్ను మూతపడేది కాదు. ఇవన్నీ చాలవన్నట్టు పాలు పడ్డాయి. రవిక తడిస్తే కొంగు నిండుగా కప్పుకుని కూర్చునేది. నూగు తేలుతుండేది, సూది లేచి పడుతుండేది, చేతులు వాటి పాటికి అవి పని చేసుకుపోతుండేవి.

అలా కుడుతూ ఉండగా ఒక రోజు సూపర్‌వైజరక్క వచ్చి ఆమె పక్కన నిలబడింది. చేతిలో ఒక దిండు గలీబు. పల్చగా, అప్పడంలా ఉంది. మూతి మాత్రం వరస తప్పకుండా కుట్టి ఉంది.

"ఇందులో దూది ఏదే?"

నిద్రమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తన కుట్టే. బల్ల పక్కన చూస్తే అలాంటివి గుట్టగా పడి ఉన్నాయి. లేనిదానికి మూతి కుట్టుకుంటూ కూర్చుంది పొద్దున్నుంచీ.

"విప్పేస్తానక్కా" అని కత్తెర కోసం తడుముకుంది.

సూపర్‌వైజరక్క ఆ చెయ్యి పట్టుకుంది. "నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

"ఏమో అక్కా."

అక్క ఆమెను లేపి మేనేజరు గదికి తీసుకెళ్ళింది. మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆమెను కూర్చోమన్నాడు. ఫ్యాను వేగం పెంచాడు. సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు.

"పాపం, చాలా బాధగా ఉందమ్మా. కానీ బాలింత సెలవంటే బిడ్డ పుట్టాలి కదా. నా చేతుల్లో ఏముంది?"

"బిడ్డ లేడని దీనికి నొప్పులు రాకుండా ఆగాయా సార్?" అంది సూపర్‌వైజరక్క. "పాలు కూడా పడ్డాయి. బిడ్డ లేడు, రావద్దని ఆ పాలకు మీరే చెప్పండి."

నిద్రమ్మ సిగ్గుతో కొంగు లాక్కుంది. మేనేజరు ఫోను తీసి పెద్దాఫీసుకు చేశాడు. అటువాళ్ళు చెప్పేది వింటూ ఊఁ కొట్టాడు, ఆశ్చర్యపోయాడు, ఫోను పెట్టేశాడు.

"ఉందట. కడుపు పోయినవాళ్ళకు నెలన్నర. జీతంతో సహా. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా!"

"అడగాలంటే ముందు ఉందని తెలియాలి కదా సార్" అంది అక్క.

బయటికొచ్చాక నిద్రమ్మకు భయం వేసింది. "అక్కా, ఇంట్లో కూర్చుని నేనేం చెయ్యను?"

"ఏమీ చెయ్యకు. ఇచ్చేది అందుకే."

పెళ్ళయి వచ్చాక ఆ ఇంటిని ఆమె పగటిపూట సరిగ్గా చూసింది లేదు. పొద్దున్నే కిటికీ దగ్గర మొదలైన ఎండ, మంచం కోడు మీదుగా, నీళ్ళ బిందె మీదుగా నడిచి, సాయంత్రానికి గుమ్మం దాటేదని అప్పుడే తెలిసింది. ఆ ఎండ ఎటు పోతే అటు చూస్తూ పడుకునేది. అత్తగారు పాత పంచె చింపి, కోడలి ఛాతీకి బిగించి కట్టింది. కళ్ళలోకి చూడకుండా కట్టింది. నాలుగు రోజులు పోయాక పాలు ఆగిపోయాయి. అవి ఆగినందుకు నిద్రమ్మ, చేతిలో కడుగుతున్న గిన్నె అలాగే పట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు కుళాయి కట్టేసి పక్కన కూర్చుంది.

ఆ రోజు నుంచి నిద్ర వచ్చింది. చిన్నప్పుడు పట్టినట్టు, ఒళ్ళు తెలియకుండా పట్టేది. కలలో తెల్లటి మెత్తటి చోటు ఒకటి ఉండేది. అక్కడ ఎవరో పడుకుని ఉంటే ఆమె పక్కన కూర్చుని విసురుతూ ఉండేది. ముఖం కనబడేది కాదు. ఊపిరి మాత్రం వినబడేది. లేచాక కూడా ఆ ఊపిరి కాసేపు గదిలోనే ఉన్నట్టనిపించి, కదలకుండా పడుకునేది.

"ఈ గోడ రంగు మార్చెయ్యనా?" అని భర్త ఒకనాడు అటు తిరిగి అడిగాడు.

"ఉండనీ. గోడేం చేసింది?"

పక్కింటావిడ ఊరుకుంటుందా? "కోడలు ఇంకా ఇంట్లోనే ఉందేమిటి? ఉద్యోగం పోయిందా?" అని ఆరా తీసింది.

"పోలేదమ్మా. దాని ఉద్యోగం ఇప్పుడు పడుకోవడం. జీతం కూడా ఇస్తున్నారు. మీకూ ఏమైనా కావాలా?" అంది అత్తగారు. లోపల మంచం మీద నిద్రమ్మకు నవ్వొచ్చింది. తన నవ్వు విని తనే ఉలిక్కిపడింది.

మెల్లమెల్లగా ఆకలి తెలిసింది. కాళ్ళలోకి బలం వచ్చింది. దుఃఖం పోలేదుగానీ, ఇంట్లో ఒక మూల తన చోటు తను చూసుకుని కూర్చుంది.

సెలవు అయ్యాక ఆమె కార్ఖానాకు వెళ్ళింది. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుని కూర్చున్నప్పుడు, ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి, ఆ సెలవు సంగతి చెప్పింది. అది అందరికీ ఉందనీ, అడిగితే ఇస్తారనీ చెప్పింది. మాటలు తడబడ్డాయి, అయినా ఆపలేదు.

చప్పట్లు కొట్టలేదెవరూ. చాలామంది చేతులు క్యారియర్లలోనే ఆగిపోయాయి. ఒకామె "నన్ను మర్నాడే మిషను మీద కూర్చోబెట్టారు" అంది. ఇంకొకామె "నేను జ్వరమని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాను" అంది. ఏళ్ళ తరబడి పక్కపక్కనే కుడుతూ ఒకరికొకరు చెప్పుకోని మాటలు అవి.

గలీబులు ఇస్త్రీ చేసే పెద్దమ్మ అన్నీ వింటూ కూర్చుంది. అందరికంటే పెద్దది, మనవరాళ్ళు ఉన్నది. లేచి, చెయ్యి కడుక్కుని, సూపర్‌వైజరక్క దగ్గరికెళ్ళింది.

"అమ్మాయ్, నాకు ఎప్పుడో కడుపు పోయింది. నీ వయసు వాళ్ళు పుట్టక ముందు. అప్పుడెవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఒక్క పూట ఇస్తావా?"

అలాంటిదానికి ఏ రూలూ లేదు. సూపర్‌వైజరక్క ఆమె సంచీ తీసి చేతికిచ్చింది. "వెళ్ళు పెద్దమ్మా. నీ ఇస్త్రీ నేను చూసుకుంటా."

పెద్దమ్మ సంచీ చంకన పెట్టుకుని, ఎండలోకి, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్ళిపోయింది. నిద్రమ్మ గేటు దాకా వెళ్ళి చూసి వచ్చింది.

మర్నాడు పెద్దమ్మ అందరికంటే ముందే వచ్చి బల్ల తుడుస్తోంది.

"నిన్న ఏం చేశావు పెద్దమ్మా?" అని నిద్రమ్మ అడిగింది.

"తలుపేసుకుని పడుకున్నా. దానికొక పేరు పెట్టా."

"ఏం పేరు?"

"నీకెందుకే" అని పెద్దమ్మ నవ్వి, ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసింది.