ముందు ఎదురింటికే

నా చిన్నప్పుడు క్రిస్మస్ అంటే మాకు గరిజెలే, అంటే కజ్జికాయలే. కేకు కొనుక్కొచ్చే అలవాటు తర్వాతెప్పుడో వచ్చింది. మా తాతయ్య యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేసేవాడు. క్యాంపస్ అంచున, తార్నాక వైపు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పండుగ ముందు రోజు మా నాయనమ్మ గంపెడు గరిజెలు చేసి, చర్చికి వచ్చేవాళ్లైనా రానివాళ్లైనా లైనులో ప్రతి ఇంటికీ పళ్లెం పంపేది.

ఆ ఏడు మా మేనత్త నాందేడ్ నుంచి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత పుట్టింటికి రావడం అదే మొదలు. అందరూ పెద్దమ్మ అని పిలిచే ఎదురింటావిడ కొడుకుతో చర్చిలో నిశ్చితార్థం చేసుకుని, పెళ్లికి ముందు ఇంకొకరితో వెళ్లిపోయిన మనిషి ఆమె. ఆ అబ్బాయికి తర్వాత మంచి సంబంధమే కుదిరింది, పిల్లలూ పుట్టారు. అయినా పెద్దమ్మ మా గడప తొక్కడం మానేసింది. పండుగ పళ్లెం పంపితే పంపినట్టే తిప్పి పంపేది.

వచ్చిన దగ్గర్నుంచీ మేనత్త వంటింట్లోంచి కదల్లేదు. వీధివైపు కిటికీ తెరవనిచ్చేది కాదు. పండుగ పొద్దున చర్చికి రాను, కాచిగూడలో రైలెక్కి వెళ్లిపోతానని ఒకటే పట్టు. తాతయ్య అన్నం సరిగ్గా తినలేదు. ఇన్నాళ్లకు వచ్చిన కూతురు దొంగలా దాక్కుంటే ఏ తండ్రికి ముద్ద దిగుతుంది?

నాయనమ్మ బతిమాలలేదు, తిట్టలేదు. పళ్లెంలో గరిజెలు పేర్చి, గుడ్డ కప్పి ఆమె చేతిలో పెట్టి, నన్ను తోడు పొమ్మంది. ఏ ఇంటికైనా పోతాను, ఆ ఒక్క ఇంటికి మాత్రం పోనంది మేనత్త.

"ఆ ఇల్లు ఆఖరికి పెట్టుకుంటే అన్ని ఇండ్లు భయంతోనే తిరుగుతవు బిడ్డా. ముందు గాడికే పో," అంది నాయనమ్మ.

రోడ్డు దాటితే ఎదురిల్లు. ఆ కాస్త దూరంలోనే మేనత్త రెండుసార్లు వెనక్కి తిరగబోయింది. నాకూ భయమే, పెద్దమ్మ నోరంటే లైనంతా హడల్ మరి. ఆవిడ తలుపు తీసి, ఎవరో పోల్చుకుంది. పళ్లెం అందుకోలేదు.

"నీకు మొకం చూపెట్టలేకనే ఇన్నేండ్లు రాలే పెద్దమ్మా. చెప్పకుండ పోయిన. తప్పు నాదే," అంది మేనత్త.

తలుపు వేసేస్తుందనుకున్నాను. వేయలేదు. గుడ్డ తీసి, ఒక గరిజె కొరికి, మీ అమ్మకు ఇంకా పాకం పట్టడం రాలేదని సణిగింది. అందులో పాకమే ఉండదు, చక్కెరే! అది చెప్పే ధైర్యం ఎవరికుంది?

"చెప్పిపోతే ఏమయితుండె? నాలుగు తిట్టి నేనే పంపిస్తుంటి గద," అంది చివరికి. కళ్లు తుడుచుకుని పళ్లెం లాక్కుంది. "రేపు చర్చికాడ పళ్లెం ఇస్తా. వచ్చి తీస్కపో."

మా లైనులో పళ్లెం ఖాళీగా తిప్పి ఇవ్వరు. రేపు ఇస్తానందంటే ఏదో ఒకటి పెట్టే ఇస్తుందన్నమాట. మేనత్త రోడ్డు మధ్యలోనే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. తర్వాత ఇంట్లోంచి వేరే పళ్లేలు తెచ్చుకుని మిగతా ఇళ్లన్నీ తిరుగుతూ, ప్రతి గుమ్మంలో కబుర్లకు కూర్చుంటే లాక్కురాలేక నా ప్రాణం పోయింది. మర్నాడు రైలు ఆమె లేకుండానే వెళ్లిపోయింది.

ఇప్పుడు నేనుండేది వేరే ఊళ్లో. ఏటా క్రిస్మస్‌కు తార్నాకలో తమ్ముడింటికి వస్తాను. ఇంత వయసు వచ్చేసరికి ఎదురుపడితే నేను తలదించుకోవాల్సిన వాళ్లు అక్కడ నాకూ ఒకరిద్దరు ఉన్నారు. ఆటో దిగి సామాను లోపల పెట్టి, మరదలు చాయ్ పోసేలోపే వాళ్ల తలుపు తడతాను. ఒకసారి తీస్తారు, ఒకసారి తీయరు. తీయకపోయినా సరే, ఆ తర్వాత తార్నాక అంతా మళ్లీ నాదవుతుంది.