శివారు చెరువుకి ముందు నీళ్ళు

మా ఊరి పల్లంరాజు గారు చెన్నపట్నం కౌన్సిల్లో మెంబరయ్యారన్న కబురు వచ్చిన పూట, ఆయన భార్య చిన్నమ్మాయి గారు ఆవకాయ కలుపుతున్నారండి. "ఇంగ్లీషు ముక్క రాని మనిషికి అక్కడేం పని? దొరలకి వ్యవసాయం నేర్పుతారా?" అని జాడీలోంచి చెయ్యి తియ్యకుండానే అడిగారట.

పనేంటో చెబుతాను, ఉండండి. రాజుగారు ఊరి పెత్తనం చేస్తూ చేస్తూ తాలూకా బోర్డుకి వెళ్ళారు, అక్కణ్ణుంచి జిల్లా బోర్డుకి వెళ్ళారు. ఇంతలో సర్కారు కొత్త చట్టం చేసింది. బోర్డుల మెంబర్లు చీటీలు వేసి తమలో ఒకణ్ణి కౌన్సిల్‌కి పంపొచ్చని. ఆ మెంబర్లెవరండీ? మా జిల్లాలో అయితే దాదాపు అందరూ కాలువ ఎగువన మాగాణి ఉన్న ఆసాములే. రాజుగారు మన మనిషి, మాట తప్పడు అని ఆయన్ని ఎంచుకున్నారు.

కానీ ఆయన మాటిచ్చింది వాళ్ళకి కాదు, చేపలమ్ముకునే తలుపులమ్మకి!

మా కాలువ రావులపాలెం దిగువన మా ఊరు దాటి, సాగి సాగి సముద్రం పక్కన పల్లెపాలెంలో ఆఖరవుతుంది. అక్కడన్నీ చేపల వేటకెళ్ళే వాళ్ళ ఇళ్ళే. తలుపులమ్మ మా ఊళ్ళో గంప దించి చేపలమ్ముకుని, పోయేటప్పుడు ఆ గంపలోనే కుండ పెట్టుకుని మా చెరువు నీళ్ళు మోసుకుపోయేది. ఓ వేసవి రాజుగారు అరుగు మీదనుంచి కేకేశారు.

"ఏమ్మా, మీ చెరువేమైంది? కాలువ కట్టేసేముందు నింపుకోలేదా?"

"మా దాకా వస్తే కదండీ నింపుకోడానికి! మీ ఊళ్ళన్నీ తాగాక మాకొచ్చేది బురదండి. నూతి నీళ్ళయితే ఇక కూరలో ఉప్పేసుకునే పనే లేదండి."

నవ్వుతూనే అంది. రాజుగారికి మాత్రం నవ్వు రాలేదు. "నేను ఏ బోర్డులో ఉన్నా సరే, మీ చెరువు నింపిస్తాను పో" అన్నారు.

ఏటా వేసవిలో కాలువ మరమ్మతులకి కట్టేస్తారు కదండీ. అంతకుముందే ప్రతి ఊరూ తూము తలుపు ఎత్తి, మంచినీళ్ళ చెరువు నింపేసుకోవాలి. మాకది పండగ. తూముకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, తొలి నీళ్ళు మా చెరువులోకి వదలాలి. కాలువ తవ్విన నాటినుంచీ అదే మర్యాద. దానివల్ల దిగువన ఎవరి నోరు ఎండుతోందో మాకెవరికీ తట్టలేదు.

సరే, రాజమండ్రి ప్లీడరు జగన్నాథరావు గారు ప్రశ్నని ఇంగ్లీషులో రాసిచ్చారు. కాకినాడలో పొగఓడ ఎక్కింది మొదలు రాజుగారు దాన్ని వల్లెవేస్తూనే ఉన్నారు, ఓడ ఎంత ఊగుతున్నా మానలేదట. కాలువ చివరన ఉన్న శివారు చెరువులు ముందు నిండేలా వరస మారుస్తారా? ఇదీ ప్రశ్న. కౌన్సిల్లో మనం ప్రశ్న చదివితే వాళ్ళు జవాబు చదువుతారు, ఎదురు అడగకూడదు. అలాంటి ఇబ్బంది సర్కారు దృష్టికి రాలేదన్నారు. ఈయన నమస్కారం పెట్టి కూర్చున్నారు. తర్వాతి సభకి మళ్ళీ అదే ప్రశ్న పట్టుకెళ్ళారు. మళ్ళీ అదే జవాబు. ప్లీడరు గారికే మొహమాటమనిపించింది.

"వేరే ఏదైనా అడుగుదామండి రాజుగారూ. రోడ్లున్నాయి, పిల్లల బళ్ళున్నాయి..."

"వాటి గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారండి. నాకొచ్చిన ఇంగ్లీషు ఇదొక్కటే, దీన్నే వాడనివ్వండి."

సర్కారు వాళ్ళు విసుగెత్తి ఒప్పుకున్నారో, ఎవరినైనా పంపి చూసుకున్నారో గానీ చివరికి ఇంజనీరు గారి ఆర్డరొచ్చింది. శివారు చెరువు నిండేదాకా ఎగువ తూములు ఎత్తకూడదని!

మా ఊరు అగ్గయిపోయింది. చిన్నమ్మాయి గారి తమ్ముడు వెంకటరాజు పెద్ద ఆసామి. జిల్లా బోర్డులో సగం మంది ఆయన మాట వినేవాళ్ళే. పసుపూ కొబ్బరికాయా పట్టుకుని ఊరందరినీ వెంటేసుకుని తూము దగ్గరికొచ్చాడు. తీరా చూస్తే తూము తలుపు మీద బావగారు తలపాగా చుట్టుకుని కూర్చున్నారు.

"లే బావా. తొలి నీళ్ళు మనవి."

"పోయినేటి దాకా."

"మన చెరువు ఎండగట్టడానికా నిన్ను మెంబర్ని చేసింది? మళ్ళీ చీటీలు దగ్గరికొస్తున్నాయి. నీకు వేసేదెవడు?"

"వెయ్యకు."

"అక్క మొహం చూసి మర్యాదగా అడుగుతున్నాను."

అంతలో వెనకాల ఓ మేనా పల్లకీ వచ్చి ఆగిందండి. రాజుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు గడప దాటరు కదా, అందరూ బిత్తరపోయారు. తెర వెనకనుంచి చిన్నమ్మాయి గారి గొంతు: "నా మొహమెందుకురా మధ్యలో? చెరువు సగమే నిండితే నేను సగమే తాగుతాను. పొద్దుటినుంచీ ఆయన ఎండలో ఉన్నారు, మజ్జిగ తెచ్చాను. తప్పుకో."

జనం గొల్లుమని నవ్వారు. వెంకటరాజు కొబ్బరికాయ కాలువలోకి విసిరి వెళ్ళిపోయాడు.

తలుపులమ్మ మొగుడు అప్పాజీ కాలువగట్టు వెంట పరిగెత్తుకొచ్చి, "నిండిందండీ! మా రేవు మెట్లు మునిగాయండీ!" అన్నాకే రాజుగారు లేచారు. ఈలోగా కాలువ కట్టేసే గడువొచ్చేసి, మా చెరువు నిజంగానే సగమే నిండింది. ఆ వేసవంతా మా ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా బురదలో దిగి కుండలు ముంచుకుంటూ ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

చీటీల నాడు రాజుగారికి ఒక్కటే పడింది. అది ఆయన వేసుకున్నదే అని చెప్పుకుని నవ్వారు. తర్వాత జిల్లా బోర్డులోంచీ తీసేశారు. ఎగువ ఊళ్ళ మనిషి కొత్తగా కౌన్సిల్‌కి వెళ్ళి, పాత వరసే తెప్పిస్తానని ఊరూరా చెప్పాడు.

మరుసటేడు కాలువ కట్టే రోజులొచ్చాయి. పల్లంరాజు గారు గొడుగేసుకుని వెళ్ళి తూము మీద కూర్చున్నారు.

"ఇప్పుడు ఏ హోదాలో కూర్చున్నావు బావా?" అన్నాడు వెంకటరాజు.

"ఆర్డరు ఇంకా రద్దవలేదురా. కూర్చోడానికి హోదా దేనికి? జరుగుతాను, నువ్వూ కూర్చో."

వెంకటరాజు కూర్చోలేదు గానీ తూము మీద చెయ్యీ వెయ్యలేదండి. వెంట వచ్చిన వాళ్ళని ఇళ్ళకి పొమ్మని, అప్పాజీ వచ్చేదాకా చిరచిరలాడుతూ గట్టు మీదే నిలబడ్డాడు.