వంపు దారిన వచ్చిన గుండు

వాకాడు దగ్గరి ఒక హైస్కూల్లో లెక్కల టీచరు కరుణాకుమారికి కోపం ఎక్కువని అందరూ అనేవారు. అది ఊరికే రాలేదు.

1961లో ఒకరోజు ఆమె పెద్ద తరగతికి పాఠం చెబుతోంది. పైనుంచి కిందికి జారే గుండుకు తిన్నని దారి దగ్గరిదే గాని, త్వరగా చేర్చేది కాదంది. మొదట్లోనే నిటారుగా దిగే వంపు దారైతే గుండు ముందే వేగం అందుకుని, దూరం ఎక్కువైనా తొందరగా చేరుతుందంది. గుమ్మంలో నిలబడి విన్న హెడ్మాస్టరు విజయభాస్కర్ లోపలికొచ్చాడు.

"చుట్టు తిరిగి పొయ్యేది ముందు చేరతాదా? తెలీనివి పిల్లలకు చెప్పబాకమ్మా!"

తరగతి గొల్లుమంది. కరుణాకుమారి చెవులు భగ్గుమన్నాయి.

ఆ ఆదివారం గుడి నుంచి వచ్చీ రాగానే సైకిల్ చక్రం అంచుకు సుద్దముక్క కట్టి గోడ వెంబడి దొర్లించింది. గోడమీద విల్లులా గీత పడింది. గుండును అన్నిటికన్నా త్వరగా దించే వంపు ఆ గీతదే. దాన్ని కాగితం మీదికి దించి, తలకిందులు చేసి, అందులో సగం కత్తిరించి, పడవలు కట్టే సిలార్ ముందు పరిచింది.

"సిలార్ అన్నా, గుండు దొర్లేటట్టు గాడి తీసి, ఈ వంపుతో ఒక కాలువబద్ద, తిన్నంగా ఇంకోటి కావాల. రెండిటికీ మొదలూ చివరా ఒకటే ఉండాల."

"తిన్నంది గదా టీచరమ్మా ముందు పొయ్యేది?" అన్నాడు సిలార్.

"నువ్వు కూడానా!" అని కసిరింది. సిలార్ రంపం అందుకున్నాడు.

బడి వరండాలో పిల్లలంతా, హెడ్మాస్టరూ చూస్తుండగా రెండు ఇనప గుండ్లు ఒక్కసారే వదిలింది. వంపు దారి గుండే ముందు చివరికి చేరింది.

"ఆ గుండు బరువెక్కువ," అన్నాడు హెడ్మాస్టరు.

గుండ్లు మార్చి వదిలింది. మళ్లీ అదే.

"వడ్రంగి దీన్నే బాగా నున్నగా చిత్రిక పట్టినాడు."

బద్దలు మోసుకొచ్చిన సిలార్ మొహం ఎర్రబడింది. "రెండూ ఒక చేత్తోనే చిత్రిక పట్టినా సార్. తడిమి చూడండి."

హెడ్మాస్టరు తడమలేదు. "వీటిని వంటచెరుకులో పారెయ్," అని ప్యూనుకు చెప్పాడు.

కరుణాకుమారి బద్దలకు అడ్డం నిలబడింది. "చెయ్యి వేస్తే ఊరుకోను! ఏది ముందొచ్చిందో మీ నోటితో చెప్పి, ఆ తర్వాత తగలబెట్టుకోండి."

పిల్లల ముందు పెద్దాయన్ను ఎదిరించిందని యాజమాన్యం ఆమెను క్షమాపణ అడగమంది. "ఆయన వచ్చి గుండ్లు వదిలి చూడమనండి. నా మాట తప్పైతే కాళ్లు పట్టుకుంటా," అంది. ఆయన రాలేదు. లెక్కలు తీసేసి ఆమెకు కుట్టుపని పాఠాలిచ్చారు. ఆ సాయంత్రమే ఉద్యోగం వదిలేసింది.

తర్వాత మైపాడులో చేపలు పట్టే పల్లెకారుల పిల్లలకు లెక్కలు చెప్పింది. కొన్నేళ్లకు విజయభాస్కర్ పదవీవిరమణ సభకు రమ్మని పాత బడి వాళ్లు పిలవడానికొచ్చారు.

"ఇంకా కోపమేనా టీచరుగారూ?" అన్నారు.

"కళ్లారా చూసి కూడా కాదన్నాడు. ఎట్టా పోతాదయ్యా!" అంటూ వాళ్ల ముందే తలుపేసుకుంది.