గుర్రపుసాల ఉలవలు

మొన్న మా వియ్యపురాలు ఇంగ్లండు యాత్ర నుంచి తిరిగొచ్చి, అక్కడెక్కడో పల్లెటూళ్లో దొరల ఎస్టేటులో చూసిన పాతకాలపు గుర్రపుసాల ఫోటోలు ఫోనులో ఒక్కొక్కటే జరిపి చూపిస్తూ, "చూడండి వదినగారూ, గుర్రాలకి ఎంత భోగమో! మన ఇళ్లు కూడా ఇలా ఉండవండి" అన్నారు. నాకు నవ్వు రాలేదు సరికదా, చిన్ననాటి కడుపుమంట ఒకటి మళ్లీ రాజుకుంది.

రామచంద్రపురం దగ్గర మా ఊళ్లో జమీందారు గారి గుర్రపుసాలలో మా నాన్న పనిచేసేవాడు. సాలకి పెంకుల కప్పు, ఇటుక నేల. దాని పక్కనే వానొస్తే ఏ మూల కారుతుందో తెలియని తాటాకిల్లు మాది. అదైనా సహించేదాన్నేమో గాని, ఆ సాలలో ఒక తెల్లని ఆడగుర్రం ఉండేది, నాన్న ప్రాణమంతా దానిమీదే. నన్ను "ఏమే" అని తప్ప పిలవని మనిషి దాన్ని "చిట్టితల్లీ" అనేవాడు, పొద్దున్నే మెడ నిమిరి జూలు దువ్వేవాడు, నా జుట్టు చిక్కుపడితే మాత్రం అమ్మని కేకేసేవాడు. రోజూ మా పెరట్లో దానికోసం ఉలవలు ఉడికేవి. గింజలు బెల్లం కలిపి దానికి, వార్చిన నీళ్లతో కాచిన చారు మాకు. ఉలవచారంటే మీకు నోరూరుతుందేమో, నాకది ఆ గుర్రం ఎంగిలిలాగే అనిపించేది. ఎవరైనా దాన్ని తోలుకుపోతే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి.

దేవుడు విన్నాడు. జమీందారు గారు కారు కొని, గుర్రాన్ని గోదావరి అవతలి వాళ్లకెవరికో అమ్మేశారు. నాన్న దాన్ని రేవులో ఏరు దాటించే పంటు ఎక్కించి వచ్చి, కంచం ముట్టకుండా పడుకున్నాడు. నేను మాత్రం సంబరంగా అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ మళ్లీ ఉలవలు ఉడికించేశాడు. బెల్లం కలిపి, తట్ట పట్టుకుని సాల వైపు నడవబోయి ఆగిపోయాడు. వెనక్కొచ్చి ఆ గింజలు నా కంచంలో పోసి, నా మెడ నిమురుతూ "తినవే చిట్టితల్లీ" అన్నాడు. ఎన్నాళ్లుగానో ఆశపడ్డ మాట. తలెత్తి చూస్తే నాన్న నన్ను చూడడం లేదు, సాల వైపు చూస్తున్నాడు. నేను ఒక్క గింజ కూడా వదలకుండా తిన్నాను.

ఇప్పుడు ఆ సాల ఉన్నచోట చేపల చెరువుంది; మా ఊరి పిల్లలు గుర్రాన్ని పెళ్లి ఊరేగింపుల్లో తప్ప ఎరగరు. ఇంట్లో నన్నందరూ ముద్దుగానే పిలుస్తారు, ఏ కొరతా లేదు. అయినా ఆ పొద్దుటి మాట నాన్న నాకే అన్నాడని ఈ వయసులోనూ నాకు నేను సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను, ఆ గుర్రం మీద కుళ్లు మాత్రం ఇంకా పోలేదు.