ఉప్పునీళ్ళ చేపకు మంచినీళ్ళు

మేడం పోయారని పిన్నిగారు ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. "అక్క వెళ్ళిపోయిందమ్మాయ్" అన్నారు. ఫోన్లో, ఒంగోలు ఆసుపత్రి వరండాలో ఎవరో ఏడుస్తున్న చప్పుడు. ఏడుస్తున్నది పిన్నిగారు కాదు. "తాళం పక్కింట్లో ఇచ్చాను. ముందు నువ్వెళ్ళి ఆ చేపలకి ఏదన్నా వెయ్యి. నిన్నట్నుంచి పస్తులున్నాయి. అక్కకి తెలిస్తే నన్ను కేకలేసుద్ది" అన్నారు. ల్యాబ్ నుంచి నేరుగా వెళ్ళి వాటికి మేత వేశాను.

మేడం మాకు దర్శి డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పారు. ఇప్పుడు నేను అదే గదిలో అదే పాఠాలు చెబుతున్నాను. పిన్నిగారు ఆవిడ చెల్లెలు. భర్త పోయాక అక్క దగ్గరికే వచ్చేశారు. మేడం దగ్గర చదివిన వాళ్ళందరికీ ఆమె పిన్నిగారే. మీలో ఆ ఇంటి కాఫీ తాగినవాళ్ళు చాలామందే ఉంటారు. మన కాలేజీ సంచికకి మేడం గురించి రాయమంటే ఆవిడ పాఠం గురించి, క్రమశిక్షణ గురించి రాయాలేమో. నాకు చేపలే గుర్తొస్తున్నాయి. ఇది స్మృతి రాసే పద్ధతేనా అంటే, తెలియదు.

మా బోరు నీళ్ళ సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. తాగడానికి క్యాన్ నీళ్ళే. ఆ నీళ్ళలో మేడం రంగురంగుల చేపల్ని వేసి చూశారు. ఏది తెచ్చినా వారం తిరక్కుండానే పైకి తేలేది. ఆఖరికి సింగరాయకొండ వైపు రొయ్యపిల్లల హేచరీలో పనిచేసే పాత విద్యార్థి ఒకరు ఉప్పుటేటిలో దొరికిన గోబీలు మూడు తెచ్చి ఇచ్చారు. సముద్రపు నీళ్ళూ ఏటి నీళ్ళూ కలిసేచోట బతికే చేపలవి. వేలెడంత పొడుగు, బూడిద రంగు, ఒళ్ళంతా నల్ల చుక్కలు. కడుపు కింది రెక్కలు రెండూ కలిసి చిన్న గిన్నెలా ఉంటాయి. వాటితో రాతికి అతుక్కుని కూర్చుంటాయి.

"నీళ్ళని మార్చలేనప్పుడు చేపని మార్చుకోవాలమ్మా" అన్నారు మేడం.

"గోబీ అంటే కాలీఫ్లవర్ కదే! మంచూరియా చేస్తావా ఏంటి?" అన్నారు పిన్నిగారు. చేపల్ని ఆమె చాలాకాలం 'మంచూరియాలు' అనే పిలిచారు.

బోరు నీళ్ళకే కాస్త కల్లుప్పు చేర్చాలి. ప్యాకెట్ ఉప్పు పనికిరాదు. ఉప్పు కరిగించకుండా తొట్టిలో వెయ్యకూడదు. పొడి మేత ఎంత చల్లినా ఆ చేపలు తలతిప్పి కూడా చూడవు. కదిలేది కావాలి, లేకపోతే పచ్చిరొయ్యని సన్నగా తరిగి ఇంకు ఫిల్లర్‌తో సరిగ్గా మూతి ముందు వదలాలి. అందుకే మేడం డాబా మీద ఒక టబ్బులో నీళ్ళు నిలవ ఉంచి దోమ పిల్లల్ని పట్టేవారు. పొలాల గుంటల్లోవి తెచ్చేవారు కాదు. పత్తికి కొట్టిన మందు ఆ నీళ్ళలో ఉంటుందని భయం. పొలం నుంచి వచ్చిన వాళ్ళెవరైనా తొట్టిలో వేలు పెట్టబోతే, "చేతులు కడుక్కున్నా వద్దు" అనేవారు. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో ఆ ఘాటు దుమ్ము పడకుండా తొట్టి మీద తడిగుడ్డ కప్పేవారు.

ఒకసారి దోమల నివారణకు వచ్చినాయన డాబా ఎక్కి టబ్బు చూసి గుండెలు బాదుకున్నాడు. "ఊరందరికీ పాఠాలు చెప్పి మీరే దోమల్ని పెంచుతున్నారేంటి మేడం గారూ?"

"పెంచట్లేదయ్యా, రెక్కలు రాకముందే తినిపిస్తున్నా. నీ మందుకంటే నా చేపలకే ఆకలెక్కువ."

"నేను రాసుకుని పోవాలండీ!"

"రాసుకో. దోమలు మూడు పూటలా హాజరని రాసుకో."

తర్వాత మేడం కిడ్నీలు దెబ్బతిన్నాయి. రోజు విడిచి రోజు ఒంగోలు, డయాలసిస్. పొద్దున్నే ఒక చిన్న సీసాలో నీళ్ళు నింపి పెట్టుకునేవారు. డాక్టర్ల లెక్క ప్రకారం రోజు మొత్తానికీ అవే. "నాకు ఉప్పు వద్దన్నారు. ఈ చేపలకి ఉప్పు మానేస్తే బతకవు. ఒకే ఇంట్లో ఎన్ని పథ్యాలో చూడు" అని నవ్వేవారు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఐసుముక్క బుగ్గన పెట్టుకుని తొట్టి ముందు కూర్చునేవారు. నేను వెళితే పలకరించకుండా చెయ్యి ఊపేవారు. నోరు తెరిస్తే ఐసు తొందరగా కరిగిపోతుందని.

సమాధుల తోటలో ఆవిడని పడుకోబెట్టి వచ్చిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. తొట్టి తళతళ మెరిసిపోతోంది. గాజు మీద ఒక్క మరక లేదు. పక్కన నాలుగైదు ఖాళీ నీళ్ళ క్యాన్లు పడున్నాయి. చేపలు తెల్లగా పాలిపోయి, నీళ్ళ పైభాగానికి వచ్చి రొప్పుతున్నాయి.

"పిన్నిగారూ, ఏం చేశారు?"

"కొత్త నీళ్ళు పోశానమ్మాయ్. ఆ ఉప్పునీళ్ళు సగం పైన తోడేసి, క్యాన్లు తెప్పించి మంచినీళ్ళు పోశాను. అక్కకెట్టాగూ పొయ్యలేకపోయాం. వీటికన్నా కడుపునిండా పోద్దామని."

నా మొహం చూసే ఆమెకు అర్థమైంది. "ఏం? చెప్పవే!"

చెప్పాను. ఉప్పు ఒక్కసారి పడిపోతే వాటి ఒళ్ళు తట్టుకోలేదని మెల్లగానే చెప్పాను. ఆమె గోడకి చేరగిలబడి కింద కూర్చుండిపోయారు.

"అక్కకి కూడా పోశాను."

నాకు అర్థం కాలేదు.

"ఆసుపత్రిలో. పోయే ముందు రోజు. గ్లాసు నిండా. వద్దన్నారని తెలుసు. చంటిపిల్లలాగా నా చెయ్యి పట్టుకుని, ఒక్క గ్లాసే అంది. ఎట్టా తాగిందనుకున్నావ్! తాగి నవ్వింది. తెల్లారేసరికి ఆయాసం." కొంగు నోట్లో కుక్కుకున్నారు. "నీళ్ళు పోసే చంపానమ్మాయ్ అందర్నీ."

మేడంని చూసిన ఒంగోలు డాక్టరుగారిని కలిసి అడిగాను. గుండె ఎప్పటినుంచో బలహీనంగా ఉంది, గ్లాసు నీళ్ళ వల్ల పోయారనుకోవద్దు అన్నారు. వచ్చి చెబితే పిన్నిగారు, "ఆయన మంచోడు. అట్టాగే అంటాడు" అన్నారు. పిల్లలకి మూత్రపిండాల పాఠం చెప్పేదాన్ని నేను. ఆ గ్లాసు ఏమీ చేయలేదని గట్టిగా చెప్పాలని నోరు తెరిచాను. నాకే నమ్మకం చాలలేదు. చేసిందని కూడా చెప్పలేను. ఈ మాట రాయనా అని ఆమెనే అడిగాను. "రాయి. నాలాంటోళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో" అన్నారు.

రెండు చేపలు చనిపోయాయి. మూడోది రాతి కింద దూరి కూర్చుంది. "ఇది కూడా పోతే ఇంక నాకెవరూ ఏం చెప్పక్కర్లేదు" అన్నారు పిన్నిగారు. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. తీర్పు కోసం కూర్చున్న మనిషిలా అన్నారు. అప్పట్నుంచి నాకు ఆ చేప తప్ప ఇంకో ధ్యాస లేదు.

ఉప్పు ఒక్కసారే వేసేసి పాత నీళ్ళలా చేసేయాలని మనసు పీకేది. "చెడగొట్టడానికి చెంబు చాలు, బాగుచెయ్యడం చెంచాతోనే" అని మేడం అనేవారు. రోజూ చెంచా చొప్పున ఉప్పు కరిగించి బోరు నీళ్ళతో కలిపి పోశాను. దాని ఒంటి మీద పట్టిన బూజులాంటి పొర కాస్త తగ్గింది. తిండి మాత్రం ముట్టలేదు. దోమ పిల్లలు మూతి ముందు గిలగిలలాడుతున్నా కదల్లేదు. పొట్ట లోపలికి పోయి, తల ఒక్కటే పెద్దగా కనిపించేది. కాలేజీలో పాఠం మధ్యలో, ఇప్పటికి చచ్చిపోయే ఉంటుంది అనుకునేదాన్ని. వెళ్ళి చూస్తే మొప్పలు ఆడుతుండేవి. వంటింట్లో పిన్నిగారి కంచం కూడా పెట్టింది పెట్టినట్టే ఉండేది. మేడం ఉంటే ఏం చేసేవారో అని రోజూ ఆలోచించాను. ఆవిడకీ తెలియకపోవచ్చు. ఆవిడ చేపలు కూడా ఎన్నో పోయాయి కదా.

మొన్న ఆదివారం పిన్నిగారు చర్చికి వెళ్ళలేదు. నేను వెళ్ళేసరికి పచ్చిరొయ్య తరుగుతున్నారు, గింజలంత సన్నగా. "ఇయ్యాళ నేనే పెడతాను" అన్నారు. చీర చెంగు బొడ్డున దోపి, ఫిల్లర్‌లో ముక్క ఎక్కించి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టారు. రాతి పక్కకి చేరగానే కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"నేను చూళ్ళేను. తింటే చెప్పు."

ముక్క జారి చేప ముందు పడింది. అది కదల్లేదు. ఉన్నట్టుండి ఒక్క ఉదుటున ముందుకు దూకి నోట కరుచుకుంది. అంతలోనే ఉమ్మేసింది.

"తిన్నదా?"

ముక్క ఇసుకలో పడి ఉంది. చేప దాని చుట్టూ తిరిగింది. మళ్ళీ అందుకుంది. మొప్పలు రెండుసార్లు బలంగా విచ్చుకుని మూసుకున్నాయి. ఈసారి ఏమీ బయటికి రాలేదు.

"తిన్నది పిన్నిగారూ."

"నన్ను ఊరుకోబెట్టడానికి అనట్లేదుగా?"

"మీరే చూడండి."

"వద్దు. ఒక్క ముక్కకి ఏం తెలుసుద్ది? రేపు కూడా తినాలిగా." కళ్ళు తెరవలేదు. "ఇంకోటి ఎక్కించు."

ఆమె చేతిలోని ఫిల్లర్ తీసుకుని ఇంకో ముక్క ఎక్కించి, నీళ్ళలోనే ఉన్న ఆమె వేళ్ళ మధ్య పెట్టాను. తడిసిన జాకెట్టు చేతి నుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. మూసిన రెప్పల కింద ఆమె కళ్ళు కదులుతున్నాయి. తొట్టిలో చేప రాతి కిందికి తిరిగి పోకుండా, ఆమె చిటికెనవేలికి దగ్గరగా ఇసుక మీద ఆగింది.